లోకానికి మడి

పార్సీల అగ్ని దేవాలయమైన అగియారీలో రోజుకి అయిదు జాములు. జాము మారినప్పుడల్లా పూజారి లోపలి గదిలోకి వెళ్లి, గంట మోగించి, పెద్ద లోహపాత్రలో కణకణలాడే నిప్పుకి గంధపు చెక్కలు సమర్పిస్తాడు. ఆ సమయంలో ఆయన ముక్కూ నోరూ కప్పుతూ ఒక తెల్లటి గుడ్డ కట్టి ఉంటుంది. దాని పేరు పదాన్. బొమ్మలో చూసినవారికి పొగ పీల్చకుండా కట్టుకున్నాడేమో అనిపిస్తుంది. అసలు సంగతి తలకిందులు. తన ఊపిరి, తన నోటి తుంపర నిప్పుకి తగలకూడదని ఆ ఏర్పాటు. దీపాన్ని నోటితో ఊదితే మన ఇళ్లలోనూ పెద్దవాళ్లు గదమాయిస్తారు కనుక ఈ భావం మనకి మరీ కొత్తదేం కాదు. అయితే మన దగ్గర ఒక మూల మిగిలిపోయిన మర్యాద అక్కడ మతమంతటికీ ఇరుసై కూర్చుంది. మడి అనగానే మనకి తట్టేది, ఇతరుల మైల తనకి అంటకుండా ఒద్దికగా తప్పుకు తిరిగే మనిషి. పార్సీల జరథుస్త్ర మతంలో మడి కట్టుకున్నది లోకం, మైల మోసుకు తిరిగేది మనిషి. పుట్టుక నుంచి చావు దాకా ఆ మతం నిర్ణయించిన సంస్కారాల్లో బిగువైనవన్నీ మనిషి తాకిడి నుంచి నిప్పునీ నీటినీ నేలనీ కాపాడటానికి ఏర్పడినవేనని నా వాదన. ఈ చూపుతో చూస్తే, రాబందులు మాయమయ్యాక అంత్యక్రియల గురించి ముంబై పార్సీల్లో నడుస్తున్న తగవు కూడా పాతవాళ్లకీ కొత్తవాళ్లకీ మధ్య మామూలు కొట్లాటగా మిగలదు.

జరథుస్త్రుడు ఎప్పటివాడో పండితులు ఇంకా తేల్చుకోలేదు. ఆయనవిగా చెప్పే 17 గాథల భాష మాత్రం ఋగ్వేద భాషకి చాలా దగ్గర. ఆ సంప్రదాయం చెప్పే సృష్టిలో ఏడు ఉన్నాయి: ఆకాశం, నీరు, నేల, మొక్కలు, పశువు, మనిషి, నిప్పు. ఒక్కోదానికీ ఒక దివ్యశక్తి కాపు. అన్నిటినీ దేవుడు అహుర మజ్దా మంచిగానే చేశాడు. అంగ్ర మైన్యు అనే దుష్టశక్తి బయటి నుంచి వచ్చి దాడి చేసింది, కుళ్లూ రోగమూ చావూ ఆ దాడి ఆనవాళ్లు. ఈ లెక్కలో మనిషి ఏడింటిలో ఒకడు, మిగతా ఆరింటికి కాపలాదారు. మాయ, మిథ్య లాంటి మాటలకి ఇక్కడ చోటు లేదు. లోకాన్ని వదిలి పారిపోవడం పుణ్యం కాదు, ఉపవాసాలతో ఒళ్లు ఎండగట్టుకోవడాన్ని కూడా ఈ మతం మెచ్చదు. సన్న్యాసం లేని మతంలో సంస్కారాల బరువంతా రోజువారీ బతుకు మీదే పడుతుంది.

ముందు నవ్‌జోత్ సంగతి. సాధారణంగా ఏడేళ్లకీ పదకొండేళ్లకీ మధ్య ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా చేసే సంస్కారమిది. ఇరాన్‌లో దీన్ని సెద్రె-పూషీ అంటారు. స్నానం చేయించి, ప్రార్థనలు చెప్పించి, సుద్రే అనే తెల్లటి పలుచని నూలు చొక్కా తొడిగి, దాని మీద నడుముకి కుస్తీ చుడతారు. (మనకి కుస్తీ అనగానే గోదా గుర్తొస్తే తప్పులేదు గానీ, ఇది గొర్రెపిల్ల ఉన్నితో నేసిన మొలతాడు.) అందులో 72 పోగులు, యస్న అనే ప్రార్థనా గ్రంథంలోని 72 అధ్యాయాలకి గుర్తుగా. నడుము చుట్టూ మూడు చుట్లు, ముందొక ముడి, వెనకొక ముడి. ఉపనయనంతో పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఉమ్మడి పూర్వీకుల ఆచారం రెండు పాయలుగా చీలిందన్న మాటలో నిజముంది. కానీ తేడాల దగ్గరే నాకు ఎక్కువ దొరుకుతోంది. ఆడపిల్లకీ ఇదే తాడు, ఇదే మంత్రం. జంధ్యం వేసుకున్నాక మార్చేదాకా ఒంటి మీదే ఉంటుంది. కుస్తీని రోజుకి పలుమార్లు విప్పి, ప్రార్థన చెప్పి, మళ్లీ కట్టాలి: నిద్ర లేచాక, కాలకృత్యాల తర్వాత, భోజనానికి ముందు, ప్రార్థనకి ముందు. అంటే ఒంట్లోంచి ఏదో బయటికి పోయిన ప్రతిసారీ, లోకం నుంచి ఏదో పుచ్చుకోబోయే ప్రతిసారీ మనిషి ఆగి తన హద్దు చూసుకోవాలి. సుద్రే మెడ దగ్గర గీరేబాన్ అని ఒక బుల్లి సంచి కుడతారు, చేసిన మంచిపనులు దాచుకోవడానికట. దానిలో వేలు కూడా సరిగా దూరదు. ఎంత చేసినా కొంచెమే అని గుర్తు చేయడానికి అంత చిన్నది పెట్టారనుకోవాలనిపిస్తుంది. ఈ సంస్కారం జరిగేదాకా పిల్లల పాపపుణ్యాలు తల్లిదండ్రుల ఖాతాలోనివి, ఆ తర్వాత ఎవరి ఖాతా వారిది.

పెళ్లి దగ్గరికి వచ్చేసరికి ఈ కట్టుదిట్టం చిత్రంగా సడలిపోతుంది. పార్సీ పెళ్లిలో వధూవరుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి మధ్య తెర పడతారు. తెర కింది నుంచి చేతులు కలిపించి, ఇద్దరి చుట్టూ ఏడు చుట్లు దారం చుడతారు. తెర తీయగానే వాళ్లు పోటీపడి ఒకరి మీద ఒకరు బియ్యం చల్లుకుంటారు. తెరసెల్లా తలంబ్రాలూ తెలిసిన తెలుగువారికి ఇంకేం వివరించాలి! పెళ్లికి ముందు మామిడి మొక్క నాటడం, గడప ముందు ముగ్గు, గుమ్మానికి తోరణం, గుడ్డూ కొబ్బరికాయా తిప్పి దిష్టి తీయడం, ఇవన్నీ గుజరాత్ గాలి తగిలినవే. ఆశీర్వాద మంత్రాల్ని సంస్కృతంలో చదివే ఆచారం కూడా ఉండేది. 1600 ప్రాంతంలో బహ్మన్ కైకోబాద్ రాసిన కిస్సా-ఎ-సంజాన్ ప్రకారం, ఇరాన్ నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్లకి ఆశ్రయమిచ్చిన రాజు పెట్టిన షరతుల్లో ఆడవాళ్లు స్థానిక దుస్తులు కట్టుకోవాలన్నది ఒకటి, పెళ్లిళ్లు సాయంత్రం పూట జరుపుకోవాలన్నది మరొకటి. పెళ్లి తంతులో ఇంత ధారాళంగా ఇరుగుపొరుగుని కలుపుకున్నవాళ్లు చావు తంతులో మాత్రం చుట్టూ కోట్లమంది శవాల్ని కాలుస్తున్నా, పూడుస్తున్నా శతాబ్దాల తరబడి అంగుళం కదల్లేదు. కారణం మొండితనమైతే పెళ్లిలోనూ మొండికేసేవారే. పెళ్లి వల్ల నీటికీ నిప్పుకీ వచ్చే ముప్పు లేదు. శవం వల్ల ఉంది. ఎక్కడ వంగాలో ఎక్కడ బిగియాలో ఆ సంప్రదాయం లోపలి తర్కమే చెప్పింది.

ఆ తర్కం వెందిదాద్‌లో విప్పుగా కనిపిస్తుంది. వాళ్ల పవిత్ర గ్రంథం అవెస్తాలో శుద్ధి నియమాలున్న భాగమది. ప్రాణం పోగానే ద్రుజ్ నసు అనే కుళ్లుభూతం ఉత్తర దిక్కు నుంచి ఈగ రూపంలో వచ్చి శవాన్ని ఆక్రమిస్తుందట. ఇక్కడ ఒక విచిత్రమైన లెక్క ఉంది. పుణ్యాత్ముడి శవానికే మైల ఎక్కువ. పూజారి శవం అంటు అందరికన్నా దూరం పాకుతుంది. దుర్మార్గుడు బతికున్నంతకాలమే లోకానికి అంటు. చచ్చాక వాడిలో ఎండిపోయిన కప్పలో ఉన్నంత మైల కూడా ఉండదు. మంచివాడిని పడగొట్టాలంటే చెడు తన బలమంతా కూడగట్టుకోవాలి, ఆ బలగమంతా ఇప్పుడు అక్కడ మూగి ఉంది. దుర్మార్గుడి దగ్గర దానికి పోరాటమే లేదు. ఇంత నైతికమైన అపరిశుభ్రత ఇంకెక్కడా నాకు తగల్లేదు. చావు దేవుడు వేసిన శిక్ష కాదు, చెడుకి దక్కిన తాత్కాలిక గెలుపు. ఆ గెలుపుని అక్కడికక్కడ కట్టడి చేసి, నీటిలోకి, నేలలోకి, నిప్పులోకి ఒలకకుండా చూడటమే అంత్యక్రియ.

కనుక పని వెంటనే మొదలవుతుంది. దేహానికి స్నానం చేయించి, పాతబడి ఉతికిన తెల్లటి బట్ట కడతారు. కుళ్లిపోయేదానికి కొత్త బట్ట తగలేయడం కూడా తప్పే మరి. కుస్తీ కట్టి, చుట్టూ గీత గీసి, ఆ గీత లోపలికి శవవాహకులు తప్ప మరెవరూ రాకుండా చూస్తారు. సగ్‌దీద్ పేరుతో ఒక కుక్కని తెచ్చి దేహాన్ని చూపిస్తారు. కళ్ల పైన రెండు మచ్చలున్న ‘నాలుగు కళ్ల’ కుక్క శ్రేష్ఠం, దాని చూపుకి కుళ్లుభూతం వెనక్కి తగ్గుతుందని నమ్మకం. ఇద్దరు పూజారులు ఒకే తెల్లగుడ్డ రెండు కొసలూ పట్టుకుని అహునవైతి గాథ చదువుతారు. శవం వెంట నడిచేవాళ్లూ జతలు జతలుగా, రుమాలుతో ఒకరినొకరు కలుపుకుని నడుస్తారు. ఆ కలయికకి పైవంద్ అని పేరు. చావు ముందు ఎవరూ ఒంటరిగా నిలబడకూడదు. శవాన్ని ఒక్కడే మోయడం వెందిదాద్ దృష్టిలో ఘోరమైన నేరం.

తర్వాత దఖ్మా. శవాన్ని పక్షులకి వదిలే, పైకప్పు లేని గుండ్రటి రాతి కట్టడం. దాని పునాది వేసే ముందు 301 మేకులు పాతి, 101 పోగుల దారాన్ని వాటి చుట్టూ తిప్పుతారు. కట్టడం నేల మీద కాక ఆ దారం మీద ఆనినట్టు భావన. లోపల వృత్తాకారపు అరుగు మీద మూడు వరసలుంటాయి, వెలుపలిది మగవారికి, నడిమిది ఆడవారికి, లోపలిది పిల్లలకి. మధ్యలో లోతైన బావి. పక్షులు తమ పని ముగించాక ఎండలో ఎండిన ఎముకల్ని ఆ బావిలోకి చేరుస్తారు. కోటీశ్వరుడి ఎముకలైనా గుమస్తా ఎముకలైనా ఒకే కుప్ప. వాన నీరు కాలవల వెంట పోయి బొగ్గు, ఇసుకరాయి పొరల్లో వడకట్టుకుని గానీ నేలలోకి ఇంకదు. ముంబై మలబార్ హిల్ మీద దాదాపు 55 ఎకరాల డూంగర్‌వాడీలో ఇలాంటివి 17వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. హైదరాబాద్‌లో పార్సీగుట్టకి ఆ పేరు రావడానికి కారణమూ దఖ్మానే. దుఃఖానికి కూడా ఇక్కడ హద్దుంది. పరలోకం వెళ్లే ఆత్మ దాటాల్సిన నదిని బంధువుల కన్నీళ్లు ఉప్పొంగిస్తాయని అర్దా విరాఫ్ పరలోక యాత్ర కథ చెబుతుంది. మూడో రోజు ఉఠమ్ణా అనే క్రియలో పోయినవారి పేరిట దానధర్మాలు ప్రకటిస్తారు. నాలుగో రోజు తెల్లవారుతుండగా ఆత్మ పరలోకానికి చేర్చే చిన్వత్ వంతెన దాటుతుంది.

వెయ్యేళ్ల వలసనీ పాలకుల మార్పునీ తట్టుకున్న ఈ ఏర్పాటుని పాతికేళ్లలో కూల్చింది ఒక నొప్పిమందు. పశువుల వాపుకీ నొప్పికీ ఇచ్చే డైక్లోఫెనాక్, ఆ పశువు చచ్చాక కళేబరంలో మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండాల్ని పాడుచేసి చంపుతుంది. వంద కళేబరాల్లో ఒక్కదానిలో ఉన్నా జాతి కుప్పకూలడానికి చాలు. భారతదేశంలో 1992 నుంచి 2007 లోపల తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి, మరో రెండు జాతులు దాదాపు 97 శాతం. కారణం ఈ మందేనని పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన 2004లో తేల్చింది, 2006లో పశువైద్యంలో దాని వాడకాన్ని మన ప్రభుత్వం ఆపింది. అప్పటికే డూంగర్‌వాడీ ఆకాశం ఖాళీ. ముంబై పెరిగిన తీరు కూడా తన వంతు చేసింది లెండి. పార్సీ పంచాయతీ సూర్యకాంతిని ఒకచోటికి కేంద్రీకరించే అద్దాలు పెట్టించింది, ముంబై వానాకాలంలో అవి ఏ మేరకు పనిచేస్తాయో ఊహించుకోవచ్చు. దహనం ఎంచుకున్న పార్సీల కోసం 2015లో వర్లీ శ్మశానంలో ప్రార్థనా మందిరం వచ్చింది. 2022లో సైరస్ మిస్త్రీ, 2024లో రతన్ టాటా అంత్యక్రియలు వర్లీలోనే జరిగాయి. దహనమైనవారికి ప్రార్థనలు చేశారని పూజారుల్ని పంచాయతీ వెలివేయడం, ఆ తగవు కోర్టులకెక్కడం కూడా చూశాం.

ఇక్కడ ఒక చదువుకున్న ఆక్షేపణ వస్తుంది. ఇదంతా పర్యావరణ స్పృహ అని పొగడటం నేటి బుద్ధిని పాత గ్రంథానికి అతికించడమేనని. నిజమే. ద్రుజ్ నసు సూక్ష్మక్రిమి కాదు, భూతం. వెందిదాద్ రాసినవాళ్లకి భూగర్భ జలాల కాలుష్యం గురించి తెలియదు. ఎద్దు మూత్రాన్ని శుద్ధికి వాడమన్న పుస్తకాన్ని ఆరోగ్యశాఖ కరపత్రంగా చదవడం హాస్యాస్పదం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ఎగతాళికి జవాబుగా కొందరు పార్సీ సంస్కర్తలు ప్రతి ఆచారానికీ ఒక విజ్ఞానశాస్త్ర కారణం వెతికిపెట్టారు, ఆ జబ్బు మన దగ్గరా తక్కువేం కాదు. నేను చెప్పేది అంతకన్నా చిన్న మాట. శవం ఎందుకు ప్రమాదం అన్నదానికి వాళ్లిచ్చిన కారణం తప్పు కావచ్చు. ప్రమాదం ఎవరికి అన్న ప్రశ్నకి ఇచ్చిన జవాబు మాత్రం అరుదైనది. మన ఆశౌచంలో మైల ప్రధానంగా దాయాదులకి, అందుకే పది రోజులు గుడికి వెళ్లం, శుభకార్యం చేయం. వాళ్ల భయం మొదట నీటి గురించి, నేల గురించి. ఈ దిక్కు తేడాని గమనించడానికి ఆధునిక శాస్త్రం సాయం అక్కర్లేదు.

రెండో ఆక్షేపణ దీనికన్నా బరువైనది, దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. లోకమంతా మడి కట్టుకుంటే మైల ఎవరి నెత్తిన పడింది? శవాల్ని మోసే నస్సేసాలార్లు, ఖాంధియాలు తరాల తరబడి సాటి పార్సీలకి దూరంగా బతకాల్సి వచ్చింది. నెలసరిలో ఉన్న స్త్రీ నిప్పుకీ నీటికీ పదిహేను అంగల దూరంలో కూర్చోవాలని వెందిదాదే చెప్పింది, దీన్ని గుజరాత్ గాలి మీదకి నెట్టడానికి లేదు. మనిషి అనే జాతి మొత్తానికి పెట్టిన హద్దు చివరికి నోరు లేని మనుషుల చుట్టూ గోడ అయింది. ఇది సిద్ధాంతం అమలులో జారిన సంగతి కాదు, సిద్ధాంతంలోనే ఉన్న జారుడు. అయితే అదే పుస్తకంలో దానికి అడ్డుకట్ట కూడా ఉంది. ఒక పక్షి శవాన్ని తిని ఎగిరిపోయి ఎక్కడో చెట్టు మీద కక్కింది, తెలియని ఎవరో ఆ చెట్టుని కట్టెలకి కొట్టి నిప్పులో వేశారు, వాళ్లకి పాపమా అని అడిగితే, లేదన్నదే జవాబు. కుక్కలూ పక్షులూ తోడేళ్లూ గాలీ ఈగలూ చేరవేసిన మైలకి మనిషిని బాధ్యుణ్ణి చేస్తే లోకంలో మైలపడనివాడే మిగలడు అని కారణం. తన అదుపులో లేనిదానికి దోషం లేదన్న ఈ సూత్రం కట్టెలు కొట్టినవాడికి వర్తించి, ఆడదాని ఒంటికి ఎందుకు వర్తించలేదు? ఆ ప్రశ్న అడగడానికి బయటి నుంచి ఎవరి సిద్ధాంతమూ తెచ్చుకోనక్కర్లేదు. ఇరాన్‌లో 2011లో టెహ్రాన్ మొబెదుల (పూజారుల) సభ ఎనిమిదిమంది స్త్రీలని పూజా సహాయకులుగా నియమించిందంటే అక్కడివారు ఆ దారిలో కొంత నడిచారన్నమాట. పార్సీయేతరుల్ని అగియారీలోకి రానివ్వకపోవడం మాత్రం వేరే కథ. యజ్ద్ అగ్ని దేవాలయంలో పరాయివారూ అద్దం వెనక నుంచి నిప్పుని చూడొచ్చు. ఇక్కడి నిషేధంలో శుద్ధి తర్కం కన్నా, కులాల దేశంలో తామూ ఒక కులంగా బతికిన చరిత్ర పాలే ఎక్కువ. 1908 నాటి బొంబాయి హైకోర్టు తీర్పు పార్సీతనాన్ని తండ్రి రక్తంతో ముడిపెట్టి ఆ చరిత్రకి చట్టం ముద్ర వేసింది.

ఇక అసలు తగవు. సంప్రదాయవాదులు అడిగేది సూటి ప్రశ్న: దఖ్మాని వదిలేస్తే రేపు కుస్తీని, ఎల్లుండి నవ్‌జోత్‌ని వదలరా? 1941లో 1,14,890 మంది ఉన్న జాతి 2011 జనగణనలో 57,264కి కుంచించుకుపోయాక, రూపమే తమని పట్టి ఉంచుతున్నదని వాళ్లు భయపడటంలో అర్థముంది. పైగా వెందిదాద్ వాళ్ల వైపే ఉన్నట్టు కనిపిస్తుంది. చలికాలంలో పక్షులు ఎగరని రోజుల్లో శవాన్ని ఒక గదిలో ఉంచి, పక్షులు తిరిగొచ్చి నేల ఆరాక బయటికి తీయమంటుంది. పక్షి లేకపోతే ఆగమందే గానీ కాల్చమనలేదు. కాకపోతే ఆ గ్రంథం ఊహించిన చలికాలం కొన్ని నెలలది, ఇది ముప్పై ఏళ్ల చలికాలం.

చరిత్ర అడిగితే జవాబు మరోలా వస్తుంది. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాసినదాన్ని బట్టి, పక్షులకీ కుక్కలకీ శవాన్ని వదలడం మాగీ పూజారుల బాహాటమైన ఆచారం, పర్షియన్లు దేహానికి మైనం పూసి పూడ్చేవారు. పసర్గదేలో పర్షియా రాజు సైరస్ సమాధి మెట్ల పీఠం మీద రాతి గదిలా ఉంటుంది. డేరియస్‌ది నఖ్షె రుస్తమ్ కొండ చరియలో తొలిచినది. ఆ రాజులు ఎంతవరకు జరథుస్త్రీయులన్న వాదన ఎలా ఉన్నా, మైనం, రాయి చేసే పని ఒకటే, దేహానికీ మట్టికీ మధ్య అడ్డు నిలవడం. 1930లలో సంఘ నాయకుడు కైఖుస్రౌ షారుఖ్ చొరవతో టెహ్రాన్ జరథుస్త్రీయులు దఖ్మా వదిలి శ్మశానవాటికకి మారారు, మట్టి తగలకుండా గోతికి సిమెంటు లోపూత పెట్టించారు. వాళ్ల నవ్‌జోత్‌లు ఆగలేదు, నిప్పులు ఆరలేదు. సూరత్ పార్సీ పంచాయతీ సంగతి ఇంకా ఆసక్తికరం. కరోనా మృతులకి దఖ్మా కావాలని గుజరాత్ హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2022 ఫిబ్రవరిలో ఒక ఒప్పందానికి వచ్చింది. శవం మీద వల కప్పి, పక్షులు ముట్టకుండా, ఎండకే వదిలేయడం. అంటే సంప్రదాయాన్ని కాపాడటానికే కోర్టుకెక్కినవాళ్లు పక్షిని తమ చేత్తో బయటపెట్టి కూడా క్రియ సరిగ్గా జరిగిందనే భావించారు. రాబందు లేని దఖ్మాకి ఇంతకన్నా అనుకూలమైన సాక్ష్యం సంస్కర్తలు కూడా తేలేరు.

అలాగని ఏదైనా చెల్లుతుందనడానికి లేదు. మంట లేని విద్యుత్ కొలిమిలో నిప్పుకి మైల లేదని కొందరు చెప్పే మాట గారడీలా వినిపిస్తుంది, కట్టె లేకపోయినా అక్కడ దేహం మండుతూనే ఉంటుంది. దహనాన్ని సమర్థించాలంటే అంతకన్నా గట్టి ఆధారం వాళ్ల సంప్రదాయంలోనే ఉంది. అత్యున్నతమైన అతశ్ బెహ్రామ్ నిప్పుని 16 రకాల నిప్పుల్ని కలిపి తయారుచేస్తారు. పిడుగు నిప్పు, కుమ్మరిది, కంసాలిది, వాటితోపాటు శవం కాలిన చితి నిప్పు కూడా. చిల్లుల గరిటెలో గంధపు పొట్టు పెట్టి చితి మంటకి తగలకుండా పైన పట్టుకుంటే ఆ వేడికే అది అంటుకుంటుంది, దాని వేడితో మరొకటి, అలా 91 సార్లు. అత్యంత మైలపడిన నిప్పుని పారేయకుండా ఓపికగా గుడికి నడిపించుకొచ్చే మతమిది. దహనం ఎంచుకున్న పార్సీ తన ధర్మాన్ని వదిలేశాడని అనే ముందు ఈ 91 మెట్లూ లెక్కకి రావాలి. అయినా నా మొగ్గు టెహ్రాన్ సిమెంటు గోతి వైపే. భూమి ఖరీదు వెలకట్టలేని ముంబైలో అది కుదరకపోవచ్చు, ఊరి బయట స్థలం దొరికే చోట్ల కుదురుతుంది.

సంస్కర్తలూ సంప్రదాయవాదులూ ఇద్దరూ మరిచిపోతున్న మూడో పక్షం ఒకటుంది. ఈ క్రియలో పూజారి, కుటుంబం, కుక్క, పక్షి, ఎండ అందరూ భాగస్వాములు. భాగస్వాముల్లో ఒకరు పోవడానికి కారణం పార్సీల ఇంట్లో లేదు, పాడిరైతు కొట్టంలో ఉంది. డైక్లోఫెనాక్ ఆగాక వాడుకలోకి వచ్చిన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా రాబందులకి విషమేనని తేలి, 2023లో వాటినీ పశువులకి ఇవ్వకూడదన్నారు. మెలాక్సికామ్ అనే మందు వాటికి హాని చేయదని తెలిసి ఇరవై ఏళ్లవుతోంది. తెలంగాణలో బెజ్జూరు అడవుల దగ్గర పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నాయి, హైదరాబాద్ జూలో రాబందుల సంతతి పెంచే కేంద్రముంది. అవి తిరిగి ఆకాశం నింపుతాయా లేదా అన్నది మలబార్ హిల్ మీద తేలే విషయం కాదు. పార్సీ పంచాయతీ పూజారుల్ని వెలివేయగలదు, ప్రార్థనా మందిరాలకి అడ్డుపడగలదు, కోర్టుకెళ్లగలదు. ఊళ్లో గేదెకి ఏ సూది పడుతుందో నిర్ణయించే అధికారం మాత్రం దానికి లేదు. అది ఉన్నది ఔషధ నియంత్రణ శాఖకి, పశువైద్యుడికి, మందుల దుకాణం నుంచి సొంతంగా సీసా కొనుక్కెళ్లే రైతుకి.